ప్రతిదీప్త ప్రతిరక్షకాలు - సహజ రోగనిరోధక గ్రాహకాల అధ్యయనం

ప్రతిదీప్త ప్రతిరక్షకం అనగా ఒక నిర్దిష్టమైన అణువును గుర్తుపట్టి దానికి అతుక్కునే ప్రతిరక్షక ప్రోటీనుకు, కాంతి పడినపుడు వేరొక రంగులో మెరిసే అణువును రసాయనికంగా జోడించి తయారు చేసిన ప్రయోగశాల పదార్థం. కణాల మీద లేదా కణాల లోపల ఉండే ప్రోటీన్లు మామూలు సూక్ష్మదర్శినిలో విడివిడిగా కనిపించవు. వాటికి ఈ మెరిసే ప్రతిరక్షకాన్ని అంటిస్తే అవి ఏ కణాలలో ఉన్నాయో, కణంలో ఏ భాగంలో ఉన్నాయో, సుమారుగా ఎంత పరిమాణంలో ఉన్నాయో తెలుసుకోవచ్చు. సూక్ష్మజీవులను మొదటగా పసిగట్టే సహజ రోగనిరోధక గ్రాహకాలను గురించి నేడు తెలిసిన విషయాలలో కొంత భాగం ఈ పద్ధతి వలన తెలిసినదే. అయితే పరికరంలో కనిపించే వెలుగు ప్రతిరక్షకం ఎక్కడ అతుక్కున్నదో మాత్రమే చెబుతుంది. అక్కడ నిజంగా ఆ గ్రాహకమే ఉన్నదా అనేది నియంత్రణ నమూనాలతో పోల్చిన తరువాతే తేలుతుంది.

పరిభాష

ప్రతిరక్షకాన్ని ఆంగ్లంలో యాంటీబాడీ అని, అది గుర్తించే పదార్థాన్ని యాంటిజెన్ అని అంటారు. తెలుగులో యాంటిజెన్‌కు ప్రతిజనకం అనే మాట వాడుకలో ఉన్నది. ఒక పదార్థం కాంతిని పీల్చుకొని వెంటనే మరొక రంగు కాంతిని వెదజల్లడాన్ని ప్రతిదీప్తి (ఫ్లోరసెన్స్) అంటారు. కణం బయటి నుంచి లేదా లోపలి నుంచి వచ్చే సంకేతాన్ని అందుకునే ప్రోటీనును గ్రాహకం (రిసెప్టర్) అంటారు. పుట్టుకతోనే వచ్చే రోగనిరోధకతను సహజ రోగనిరోధకత అని, వ్యాధులు సోకడం వలన గానీ టీకాల వలన గానీ తరువాత సమకూరేదానిని ఆర్జిత రోగనిరోధకత అని అంటారు.

సహజ రోగనిరోధక గ్రాహకాలు

శరీరంలోకి ఒక బాక్టీరియా ప్రవేశించినపుడు దానికి సరిపోయే ప్రతిరక్షకాలు తయారు కావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఈ లోపల శరీరాన్ని కాపాడేది సహజ రోగనిరోధక వ్యవస్థ. న్యూట్రోఫిల్స్, మోనోసైట్లు, మాక్రోఫేజ్‌లు, డెండ్రైటిక్ కణాలు ఇందులో ముఖ్యమైనవి. ఈ కణాలు ప్రతి సూక్ష్మజీవినీ పేరు పేరునా గుర్తుపట్టవు. సూక్ష్మజీవులలో సాధారణంగా ఉండి, మన కణాలలో లేని కొన్ని రసాయన నమూనాలను మాత్రం గుర్తిస్తాయి. బాక్టీరియా బయటి పొరలోని లైపోపాలీశాకరైడు (ఎల్.పి.ఎస్.), బాక్టీరియా కశాభాలలోని ఫ్లాజెల్లిన్, కొన్ని వైరసులలోని రెండు పోగుల ఆర్.ఎన్.ఎ. ఇటువంటివి.

ఇటువంటి గ్రాహకాలు ఉండి తీరాలని అమెరికా శాస్త్రవేత్త ఛార్లెస్ జేన్‌వే 1989లో ఊహించి చెప్పాడు. 1996లో జూల్స్ హాఫ్‌మన్ బృందం డ్రోసోఫిలా ఈగలో టోల్ అనే జన్యువు చెడిపోతే ఆ ఈగ బూజు సోకి చనిపోతుందని చూపించింది. జర్మన్ భాషలో టోల్ అంటే 'భలే' వంటి మాట. ఈగ పిండం ఎదుగుదలను పరిశోధించిన క్రిస్టియానె న్యూస్లైన్-ఫోల్‌హార్డ్ కారణంగా ఆ జన్యువుకు ఆ పేరు వచ్చింది. 1997లో రుస్లాన్ మెడ్జిటోవ్, జేన్‌వే మనిషిలో టోల్‌ను పోలిన ప్రోటీనును కనుగొన్నారు. 1998లో బ్రూస్ బాయిట్లర్ బృందం ఎల్.పి.ఎస్.ను పసిగట్టడానికి టోల్ వంటి గ్రాహకం-4 (టి.ఎల్.ఆర్-4) అవసరమని ఎలుకలలో నిరూపించింది. హాఫ్‌మన్, బాయిట్లర్ ఇద్దరికీ, డెండ్రైటిక్ కణాలను పరిశోధించిన రాల్ఫ్ స్టైన్‌మన్‌కూ కలిపి 2011లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

మనిషిలో టోల్ వంటి గ్రాహకాలు 10 రకాలు ఉన్నాయి. అవి ఉండే చోటును బట్టి ప్రయోగ పద్ధతి మారుతుంది.

• కణం ఉపరితలం మీద ఉండేవి: టి.ఎల్.ఆర్-1, 2, 4, 5, 6. ఇవి ముఖ్యంగా బాక్టీరియా, శిలీంధ్రాల బయటి భాగాలను గుర్తిస్తాయి.
• కణం లోపలి ఎండోసోమ్ సంచులలో ఉండేవి: టి.ఎల్.ఆర్-3, 7, 8, 9. ఇవి సూక్ష్మజీవుల ఆర్.ఎన్.ఎ., డి.ఎన్.ఎ.లను గుర్తిస్తాయి.

వీటితో పాటు శిలీంధ్రాల బీటా గ్లూకాన్‌ను పట్టుకునే డెక్టిన్-1, కణద్రవ్యంలో వైరస్ ఆర్.ఎన్.ఎ.ను పసిగట్టే రిగ్-1, పూరక ప్రోటీన్లు (కాంప్లిమెంట్) అంటిన సూక్ష్మజీవులను పట్టుకునే గ్రాహకాలు మొదలైన కుటుంబాలు కూడా ఉన్నాయి.

ప్రతిరక్షకాన్నే ఎందుకు వాడతారు

ఐజి-జి రకం ప్రతిరక్షకం ఆంగ్ల అక్షరం 'వై' ఆకారంలో ఉంటుంది. దీని అణుభారం సుమారు 1,50,000 డాల్టన్లు. రెండు చేతుల కొనలు ప్రతిజనకాన్ని పట్టుకుంటాయి. కాడ వంటి భాగాన్ని ఎఫ్.సి. భాగం అంటారు. ప్రతిరక్షకం ప్రోటీను మొత్తాన్ని కాక, దాని మీద ఉన్న ఒక చిన్న భాగాన్ని గుర్తుపడుతుంది. ఈ భాగాన్ని ఎపిటోప్ అంటారు. తాళానికి తాళంచెవి సరిపోయినట్లుగా చేతి కొన ఎపిటోప్‌కు సరిపోతుంది. దగ్గర పోలిక ఉన్న మరో తాళంలో కూడా ఒక్కోసారి అదే చెవి దూరవచ్చునన్న సంగతిని కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి.

జంతువుకు ప్రతిజనకాన్ని ఎక్కించి దాని రక్తం నుంచి తీసిన ప్రతిరక్షకాలు అనేక రకాల మిశ్రమం. వీటిని పాలీక్లోనల్ ప్రతిరక్షకాలు అంటారు. 1975లో జార్జెస్ కోహ్లర్, సీజర్ మిల్‌స్టైన్ ప్రతిరక్షకం తయారు చేసే కణాన్ని క్యాన్సర్ కణంతో కలిపి, ఒకే రకం ప్రతిరక్షకాన్ని ఎడతెగకుండా తయారు చేసే హైబ్రిడోమా పద్ధతిని కనిపెట్టారు. ఇలా వచ్చినవి మోనోక్లోనల్ ప్రతిరక్షకాలు. వీరిద్దరికీ, నీల్స్ జెర్నేకూ 1984లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒక్కొక్క హైబ్రిడోమాకు క్లోను పేరు ఉంటుంది. ఒకే గ్రాహకానికి వేర్వేరు క్లోనులు వేర్వేరు ఎపిటోప్‌లను గుర్తించవచ్చు. కనుక ఫలితాలు చెప్పేటపుడు గ్రాహకం పేరుతో పాటు క్లోను పేరును కూడా తప్పక పేర్కొంటారు.

తెల్ల రక్తకణాల మీది ప్రోటీన్లకు ప్రపంచమంతటా ఒకే పేర్లు ఉండాలని 1982లో పారిస్‌లో జరిగిన సమావేశంలో సి.డి. సంఖ్యల పద్ధతిని ప్రారంభించారు. ఈ పద్ధతి ప్రకారం టి.ఎల్.ఆర్-2ను సి.డి.282 అని, టి.ఎల్.ఆర్-4ను సి.డి.284 అని, టి.ఎల్.ఆర్-9ను సి.డి.289 అని పిలుస్తారు. ప్రతిరక్షకాల సీసాల మీద తరచుగా ఈ సంఖ్యలే కనిపిస్తాయి.

ప్రతిదీప్తి జరిగే విధానం

కాంతి పడినపుడు రంగు అణువులోని ఎలక్ట్రాను పై శక్తిస్థాయికి చేరుతుంది. అందులో కొంత శక్తి వేడిగా పోతుంది. మిగిలిన శక్తి కొన్ని నానోసెకండ్లలోనే కాంతిగా బయటకు వస్తుంది. శక్తి తగ్గింది కనుక వెలువడే కాంతి తరంగదైర్ఘ్యం పీల్చుకున్న కాంతి కంటే ఎక్కువగా ఉంటుంది. అంటే నీలి కాంతి పడితే ఆకుపచ్చ కాంతి రావచ్చు. 1852లో ఈ ధర్మాన్ని వివరించి ఫ్లోరసెన్స్ అని పేరు పెట్టినవాడు జార్జ్ స్టోక్స్. బ్యాంకులో కరెన్సీ నోటును అతినీలలోహిత దీపం కింద పెట్టినపుడు వరుస సంఖ్య మెరవడం ఇటువంటిదే.

వచ్చే కాంతి రంగు వేరు కావడం వలన ఒక ముఖ్యమైన సౌకర్యం ఉన్నది. నమూనా మీద వేసిన కాంతిని వడపోత అద్దంతో (ఫిల్టరు) ఆపివేసి, మెరుపును మాత్రమే చూడవచ్చు. నల్లని నేపథ్యంలో చుక్కలు మెరిసినట్లు కనిపిస్తాయి కాబట్టి అతి తక్కువ పరిమాణంలో ఉన్న ప్రోటీను కూడా తెలుస్తుంది.

చరిత్ర

ఈ పద్ధతికి ఆద్యుడు అమెరికాకు చెందిన ఆల్బర్ట్ కూన్స్. ఆయన 1939లో బెర్లిన్‌లో ఉన్నపుడు రుమాటిక్ జ్వరం వచ్చినవారి గుండె కండరంలో ఏర్పడే బుడిపెలను గురించి ఆలోచించాడు. వాటిలో స్ట్రెప్టోకాకస్ బాక్టీరియాకు చెందిన పదార్థం ఉన్నదో లేదో తేలాలంటే ప్రతిరక్షకానికి కంటికి కనిపించే గుర్తు ఏదైనా తగిలించాలని ఆయనకు తోచింది. 1941లో హార్వర్డ్‌లో సహచరులతో కలిసి న్యుమోకాకస్ బాక్టీరియా ప్రతిరక్షకానికి ఆంత్రసీన్ సంబంధమైన రంగును జోడించాడు. అది నీలంగా మెరిసింది. కానీ శరీర కణజాలం కూడా స్వతహాగా నీలంగానే మెరుస్తుంది కనుక రెండింటినీ వేరుచేయడం కష్టమైంది. అందుచేత 1942లో పసుపు-ఆకుపచ్చ రంగులో మెరిసే ఫ్లోరెసీన్‌ను వాడి కణజాలంలో న్యుమోకాకస్ ప్రతిజనకాన్ని చూపగలిగాడు. నేపథ్యపు మెరుపు నుంచి అసలు మెరుపును వేరు చేయడం అనే సమస్య ఈ విధంగా ఈ పద్ధతితో పాటే పుట్టింది.

1958లో ఫ్లోరెసీన్ ఐసోథయోసైనేట్ (ఎఫ్.ఐ.టి.సి.) అనే స్థిరమైన రూపం రావడంతో రంగు జోడించడం మామూలు ప్రయోగశాలలకు కూడా సులువయింది. 1960ల చివర స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లెనార్డ్ హెర్జెన్‌బర్గ్ బృందం మెరిసే కణాలను ఒక్కొక్కటిగా లెక్కించి వేరుచేసే యంత్రాన్ని నిర్మించింది. 1982లో ఎర్రని నాచు మొక్కల నుంచి, నీలి-ఆకుపచ్చ శైవలాల నుంచి తీసిన ఫైకోబిలి ప్రోటీన్లను గుర్తులుగా వాడవచ్చునని వెర్నాన్ ఓయ్, అలెగ్జాండర్ గ్లేజర్, లూబర్ట్ స్ట్రైయర్ చూపించారు. దీనితో ఒకే లేజరుతో రెండు మూడు రంగులను ఒకేసారి కొలవడం సాధ్యమైంది.

ముఖ్యమైన రంగులు

• ఎఫ్.ఐ.టి.సి.: సుమారు 495 నానోమీటర్ల కాంతిని పీల్చుకొని 520 నానోమీటర్ల వద్ద ఆకుపచ్చగా మెరుస్తుంది. చవకైనది. త్వరగా వెలిసిపోతుంది. ఆమ్ల మాధ్యమంలో దీని మెరుపు తగ్గుతుంది. ఎండోసోమ్‌లు ఆమ్లయుతంగా ఉంటాయి కనుక, సజీవ కణంలో గ్రాహకంతో పాటు లోపలికి వెళ్లిన ఎఫ్.ఐ.టి.సి. ప్రతిరక్షకం మసకబారుతుంది.
• ఫైకోఎరిత్రిన్ (పి.ఇ.): సుమారు 575 నానోమీటర్ల వద్ద నారింజ రంగులో మెరుస్తుంది. చాలా ప్రకాశవంతమైనది. దీని అణుభారం సుమారు 2,40,000 డాల్టన్లు, అంటే ప్రతిరక్షకం కంటే పెద్దది.
• అల్లోఫైకోసయనిన్ (ఎ.పి.సి.): సుమారు 650 నానోమీటర్ల కాంతిని పీల్చుకొని 660 నానోమీటర్ల వద్ద ఎరుపు రంగులో మెరుస్తుంది. కణాల స్వంత మెరుపు ఈ ప్రాంతంలో తక్కువ.
• కృత్రిమ రంగులు: అలెక్సా, సయనిన్ తరగతులకు చెందిన రంగులు. ఇవి చిన్న అణువులు, త్వరగా వెలిసిపోవు. సూక్ష్మదర్శిని పనికి ఎక్కువగా వాడతారు.

రంగును ఎంచుకోవడంలో ఒక సాధారణ సూత్రం ఉన్నది. తక్కువగా ఉండే ప్రోటీనుకు ప్రకాశవంతమైన రంగును, ఎక్కువగా ఉండే ప్రోటీనుకు మసక రంగును వాడాలి. మోనోసైట్ల మీద సి.డి.14 సమృద్ధిగా ఉంటుంది కనుక దానికి ఎఫ్.ఐ.టి.సి. చాలు. అవే కణాల మీద టి.ఎల్.ఆర్-4 చాలా తక్కువగా ఉంటుంది కాబట్టి దానికి పి.ఇ. వంటి రంగు కావాలి.

రంగు జోడించే విధానం

ఎఫ్.ఐ.టి.సి. క్షార మాధ్యమంలో ప్రతిరక్షకంలోని లైసీన్ అనే అమైనో ఆమ్లాలతో బంధం ఏర్పరుస్తుంది. ఒక్కొక్క ప్రతిరక్షకానికి సుమారు 3 నుంచి 6 రంగు అణువులు అంటితే మంచి ఫలితం వస్తుంది. అంతకంటే ఎక్కువైతే పక్కపక్కనే ఉన్న రంగు అణువులు ఒకదాని మెరుపును మరొకటి అణచివేస్తాయి. పైగా ప్రతిరక్షకం అనవసరమైన చోట్ల అతుక్కోవడం పెరుగుతుంది. అంటుకోకుండా మిగిలిన రంగును జెల్ స్తంభం గుండా పంపి తొలగిస్తారు.

గ్రాహకానికి నేరుగా రంగు ఉన్న ప్రతిరక్షకాన్ని అంటించడం ప్రత్యక్ష పద్ధతి. మొదట రంగులేని ప్రతిరక్షకాన్ని అంటించి, తరువాత దానిని గుర్తించే రంగు ప్రతిరక్షకాన్ని అంటించడం పరోక్ష పద్ధతి. పరోక్ష పద్ధతిలో ఒక్కొక్క గ్రాహకం మీద ఎక్కువ రంగు చేరుతుంది కనుక సంకేతం పెరుగుతుంది. అయితే పొరపాటుగా అంటిన చోట కూడా అంతే పెరుగుతుంది.

ప్రయోగ క్రమం

కణం ఉపరితల గ్రాహకాలు

రక్తం నుంచి మోనోసైట్ల మీది గ్రాహకాన్ని కొలిచే ప్రయోగం సాధారణంగా ఈ క్రమంలో సాగుతుంది.

1. గడ్డకట్టకుండా సేకరించిన రక్తాన్ని లేదా వేరుచేసిన కణాలను మంచు మీద ఉంచుతారు. చలిలో కణాలు తమ గ్రాహకాలను లోపలికి లాక్కోవు.
2. కణాల మీద ఉన్న ఎఫ్.సి. గ్రాహకాలను ముందుగా ఇతర ప్రతిరక్షకాలతో నింపివేస్తారు.
3. రంగు ప్రతిరక్షకాన్ని తగిన మోతాదులో కలిపి 20 నుంచి 30 నిమిషాలు చీకటిలో ఉంచుతారు. వెలుతురు తగిలితే రంగు వెలిసిపోతుంది.
4. ఎర్ర రక్తకణాలను అమ్మోనియం క్లోరైడు ద్రావణంతో కరిగించి, మిగిలిన కణాలను కడుగుతారు.
5. చనిపోయిన కణాలలోకి మాత్రమే దూరే మరొక రంగును కలుపుతారు.
6. ఫ్లో సైటోమీటరులో కొలుస్తారు. ఇందులో కణాలు ఒకదాని వెనుక ఒకటిగా సన్నని ధారలో లేజరు ముందు నుంచి సాగిపోతాయి. 488 నానోమీటర్ల నీలి లేజరు సర్వసాధారణం. ప్రతి కణం పరిమాణం, లోపలి గరుకుదనం, మెరుపు విడివిడిగా నమోదవుతాయి. సెకనుకు వేల కణాలను ఇలా కొలవవచ్చు.

కణం లోపలి గ్రాహకాలు

టి.ఎల్.ఆర్-3, 7, 8, 9 వంటి వాటిని చూడాలంటే ప్రతిరక్షకం కణత్వచాన్ని దాటి లోపలికి పోవాలి. సజీవ కణత్వచం గుండా ప్రతిరక్షకం పోలేదు. అందుకని మొదట పారాఫార్మాల్డిహైడుతో కణాన్ని స్థిరపరుస్తారు. తరువాత సాపోనిన్ వంటి సబ్బు గుణం గల పదార్థంతో కణత్వచానికి రంధ్రాలు చేస్తారు. ఈ క్రమంలో ప్రోటీన్లు ఆకారం మారి కొన్ని ఎపిటోప్‌లు చెడిపోవచ్చు. ఉపరితల ప్రయోగంలో చక్కగా పనిచేసిన క్లోను ఇక్కడ పనిచేయకపోవచ్చు. గ్రాహకం ఉన్న చోటు కూడా తెలియాలంటే కణాలను కాన్‌ఫోకల్ సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఎండోసోమ్‌లను గుర్తించే మరొక రంగు ప్రతిరక్షకాన్ని కూడా వాడి, రెండు రంగులూ ఒకే చోట పడుతున్నాయో లేదో పరిశీలిస్తారు.

పొరపాట్లకు కారణాలు

సహజ రోగనిరోధక కణాలతో చేసే ప్రయోగాలలో తప్పుడు మెరుపు వచ్చే అవకాశం మిగతా కణాల కంటే ఎక్కువ. దీనికి కారణం ఆ కణాల స్వభావమే.

• ఎఫ్.సి. గ్రాహకాలు: ప్రతిరక్షకం అంటిన సూక్ష్మజీవులను మింగడం మాక్రోఫేజ్‌ల, న్యూట్రోఫిల్స్ పని. అందుకోసం వాటి మీద ప్రతిరక్షకపు కాడను పట్టుకునే సి.డి.64, సి.డి.32, సి.డి.16 అనే గ్రాహకాలు ఉంటాయి. ప్రయోగానికి వాడిన ప్రతిరక్షకాన్ని కూడా ఇవి కాడతో పట్టుకోగలవు. అప్పుడు వెతుకుతున్న గ్రాహకం లేకపోయినా కణం మెరుస్తుంది.
• స్వంత మెరుపు: మాక్రోఫేజ్‌లలో ఫ్లేవిన్ వంటి పదార్థాలు, జీర్ణం కాని అవశేషాలు ఉండటం వలన అవి ఏ రంగూ లేకుండానే ఆకుపచ్చగా మెరుస్తాయి.
• చనిపోయిన కణాలు: వీటికి దాదాపు ఏ ప్రతిరక్షకమైనా అంటుకుంటుంది.
• రంగుల కలయిక: ఎఫ్.ఐ.టి.సి. మెరుపులో కొంత భాగం పి.ఇ. కొలిచే గవాక్షంలోకి కూడా వస్తుంది. ఈ భాగాన్ని లెక్కగట్టి తీసివేయాలి. దీనిని కాంపెన్సేషన్ అంటారు.
• ఎల్.పి.ఎస్. కల్తీ: ప్రతిరక్షకపు ద్రావణంలో అతి స్వల్పంగా ఎల్.పి.ఎస్. ఉన్నా మోనోసైట్లు ఉత్తేజితమవుతాయి. గ్రాహకం పనిని ప్రతిరక్షకంతో అడ్డుకునే ప్రయోగాలలో ఇది ఫలితాన్ని తారుమారు చేస్తుంది. ఇటువంటి ప్రమాదం ఊహ మాత్రమే కాదు. టి.ఎల్.ఆర్-2 కూడా ఎల్.పి.ఎస్.ను గుర్తిస్తుందని తొలినాళ్లలో భావించారు. 2000లో ఎల్.పి.ఎస్.ను మరింత శుద్ధి చేసి వాడినపుడు టి.ఎల్.ఆర్-2 సంకేతం మాయమైంది. అప్పటివరకు కనిపించినది అందులో కలిసి ఉన్న ఇతర బాక్టీరియా పదార్థాల ప్రభావమని తేలింది.
• నిల్వ పదార్థం: ప్రతిరక్షకాలు చెడిపోకుండా కలిపే సోడియం అజైడు సజీవ కణాలకు విషం. సజీవ కణాల ప్రయోగాలకు అజైడు లేని ద్రావణాన్ని వాడాలి.

నియంత్రణ నమూనాలు

పైన చెప్పిన పొరపాట్లను పట్టుకోవడానికి అసలు నమూనాతో పాటు కొన్ని నియంత్రణ నమూనాలను కూడా తప్పక కొలుస్తారు.

• రంగు వేయని కణాలు: స్వంత మెరుపు ఎంతో తెలుపుతాయి.
• సమరూప నియంత్రణ (ఐసోటైప్ కంట్రోలు): అసలు ప్రతిరక్షకం తరగతికే చెంది, అదే రంగు కలిగి, కణంలో దేనినీ గుర్తించని ప్రతిరక్షకం. ఎఫ్.సి. గ్రాహకాల వంటి వాటి వలన ఎంత మెరుపు వస్తున్నదో అంచనా వేయడానికి పనికివస్తుంది.
• ఒక రంగు తక్కువ నియంత్రణ: అనేక రంగుల ప్రయోగంలో కొలవదలచిన ఒక్క రంగును వదిలి మిగిలినవన్నీ వేస్తారు. మెరుపు ఉన్నది, లేదు అనే గీతను ఎక్కడ గీయాలో ఇది చెబుతుంది.
• జన్యువు తొలగించిన కణాలు: గ్రాహకపు జన్యువే లేని కణాలలో కూడా ప్రతిరక్షకం మెరిస్తే ఆ ప్రతిరక్షకాన్ని నమ్మరాదు. అన్నింటిలోకీ గట్టి పరీక్ష ఇదే.
• గ్రాహకాన్ని చొప్పించిన కణాలు: గ్రాహకం లేని కణంలోకి దాని జన్యువును పంపి, అప్పుడు మెరుపు వస్తున్నదో లేదో చూస్తారు.

ఉదాహరణ: టి.ఎల్.ఆర్-4

మెరుపును ఎలా అర్థం చేసుకోవాలో టి.ఎల్.ఆర్-4 పరిశోధన చక్కగా తెలుపుతుంది. ఎల్.పి.ఎస్. రక్తంలోకి రాగానే ఒక ప్రోటీను దానిని మోసుకొచ్చి సి.డి.14కు అందిస్తుంది. సి.డి.14 దానిని టి.ఎల్.ఆర్-4కు జతగా ఉండే ఎం.డి-2 అనే ప్రోటీనుకు అందిస్తుంది. ఎం.డి-2ను 1999లో జపానులో కెన్‌సుకె మియాకె బృందం కనుగొన్నది. ఎల్.పి.ఎస్. చేరగానే రెండు టి.ఎల్.ఆర్-4, ఎం.డి-2 జంటలు ఒకదానికొకటి దగ్గరై కణం లోపలికి సంకేతం పంపుతాయి. ఆ తరువాత గ్రాహకం ఎండోసోమ్‌లోకి చేరి అక్కడి నుంచి మరొక సంకేతం పంపుతుంది.

ఎలుక కణాలలో దీనిని చూడటానికి ఎం.టి.ఎస్-510 అనే క్లోనును వాడతారు. ఇది ఒంటిగా ఉన్న టి.ఎల్.ఆర్-4, ఎం.డి-2 జంటను గుర్తిస్తుంది. ఎల్.పి.ఎస్. ఇచ్చిన కొద్దిసేపటికి ఈ క్లోను మెరుపు తగ్గిపోతుంది. గ్రాహకం ఉపరితలం నుంచి లోపలికి పోయిందని దీనికి తేలికగా అర్థం చెప్పవచ్చు. కానీ గ్రాహకం ఉపరితలం మీదనే ఉండి, రెండేసి జంటలుగా కూడటం వలన కూడా ఈ ప్రతిరక్షకానికి అందకుండా పోతుంది. ఈ రెండింటినీ వేరు చేయడానికి ఎల్.పి.ఎస్. ఉన్నా లేకున్నా టి.ఎల్.ఆర్-4ను గుర్తించే ఎస్.ఎ-15-21 అనే మరొక క్లోనును కూడా వాడతారు. మొదటి క్లోను మెరుపు తగ్గి రెండవది తగ్గకపోతే గ్రాహకాలు జతకట్టాయని, రెండూ తగ్గితే లోపలికి పోయాయని నిర్ణయిస్తారు. ఒక్క క్లోనుతో వచ్చిన మెరుపుకు రెండు అర్థాలు ఉండగా, రెండవ క్లోను వాటిలో సరైనదానిని తేల్చింది.

ఇదే గ్రాహకం మరొక పాఠాన్ని కూడా నేర్పుతుంది. సి3హెచ్/హెచ్.ఇ.జె. అనే ఎలుక జాతి ఎల్.పి.ఎస్.కు స్పందించదు. దాని టి.ఎల్.ఆర్-4లో కణం లోపలి వైపు ఉన్న 712వ స్థానంలో ప్రోలీన్ బదులు హిస్టిడీన్ ఉండటమే దీనికి కారణం. గ్రాహకం బయటి భాగంలో లోపం లేదు కనుక బయటి భాగాన్ని గుర్తించే ప్రతిరక్షకానికి అది అందుతుంది. సి57బి.ఎల్/10-ఎస్.సి.సి.ఆర్. అనే మరొక జాతిలో ఈ జన్యువే తొలగిపోయింది. రెండు జాతులూ ఎల్.పి.ఎస్.కు స్పందించవు. ప్రతిరక్షకం మాత్రం ఒకదానిలో గ్రాహకాన్ని చూపగలదు, మరొకదానిలో చూపలేదు. గ్రాహకం ఉండటం వేరు, అది పనిచేయడం వేరు. మెరుపు మొదటిదానికే సాక్ష్యం. రెండవదానికి సైటోకైన్ల ఉత్పత్తి వంటి వాటిని విడిగా కొలవాలి.

వైద్యంలో ఉపయోగాలు

మెరిసే ప్రతిరక్షకాలతో కణాలను లెక్కించే పరీక్షలలో సామాన్యులకు కూడా తెలిసినది హెచ్.ఐ.వి. సోకినవారికి చేసే సి.డి.4 కణాల లెక్క. సహజ రోగనిరోధకతకు సంబంధించి కూడా కొన్ని ముఖ్యమైన పరీక్షలు ఉన్నాయి.

తెల్లకణాల అతుకు లోపం (మొదటి రకం): ఇది పుట్టుకతో వచ్చే అరుదైన వ్యాధి. సి.డి.18 అనే ప్రోటీను లోపించడం వలన, సి.డి.11బి, సి.డి.18 కలిసి ఏర్పడే పూరక ప్రోటీన్ల గ్రాహకం ఉండదు. న్యూట్రోఫిల్స్ రక్తనాళాన్ని దాటి గాయం వద్దకు చేరలేవు. సాధారణంగా ఒకటి రెండు వారాలలో రాలిపోయే శిశువు బొడ్డుతాడు మూడు నాలుగు వారాలైనా రాలదు. రక్తంలో తెల్లకణాలు ఎంతో ఎక్కువగా ఉన్నా పుండులో చీము పట్టదు. కొద్ది రక్తంతో సి.డి.18 మెరుపును కొలిచి ఈ వ్యాధిని గుర్తించవచ్చు. తీవ్రమైన రూపంలో ఈ ప్రోటీను సాధారణ స్థాయిలో సుమారు 2 శాతం కంటే తక్కువగా ఉంటుంది. ఇటువంటి శిశువులు మూలకణ మార్పిడి జరగకపోతే బాల్యంలోనే అంటురోగాలతో చనిపోయే ప్రమాదం ఎక్కువ. కనుక ఈ పరీక్షలో వచ్చే తప్పు ఫలితం ఒక ప్రాణానికి సంబంధించినది. అరుదుగా కొందరిలో సి.డి.18 ఉండి కూడా పనిచేయదు. అటువంటివారిలో మెరుపు బాగానే కనిపిస్తుంది. అందువలన లక్షణాలు స్పష్టంగా ఉన్నపుడు మెరుపు ఉన్నదని నిశ్చింతగా ఉండక, కణాల పనితీరును కూడా పరీక్షిస్తారు.

పి.ఎన్.హెచ్.: రాత్రివేళ ఎర్రటి మూత్రం అనే లక్షణాన్ని బట్టి పేరు వచ్చిన రక్తవ్యాధి. ఇందులో కొన్ని ప్రోటీన్లను కణత్వచానికి కట్టి ఉంచే కొవ్వు-చక్కెర లంగరు తయారు కాదు. మోనోసైట్ల మీది సి.డి.14 కూడా ఈ లంగరుతో నిలిచేదే. కనుక సి.డి.14 లేని మోనోసైట్లు కనిపించడం ఈ వ్యాధి నిర్ధారణలో ఒక ఆధారం.

సెప్సిస్: 2017లో ప్రపంచంలో సుమారు 4.89 కోట్ల మందికి సెప్సిస్ వచ్చిందని, 1.1 కోట్ల మంది మరణించారని అంచనా. టి.ఎల్.ఆర్-4 అతిగా స్పందించడం ఇందులో ఒక భాగం కాబట్టి దానిని అడ్డుకుంటే రోగులు బతుకుతారని ఆశించారు. ఈ ఉద్దేశంతో తయారైన ఎరిటోరాన్ అనే మందు మరణాలను తగ్గించలేదని 2013లో వెలువడిన పెద్ద వైద్య పరీక్ష ఫలితాలు తెలిపాయి. ఎలుకలలో, వేరుచేసిన కణాలలో స్పష్టంగా కనిపించే ఒక గ్రాహకం పాత్ర, రోగి శరీరంలో అనేక గ్రాహకాల మధ్య అంత సూటిగా ఉండదని దీనివలన తెలిసింది. న్యూట్రోఫిల్స్ మీద సి.డి.64 పెరగడాన్ని బాక్టీరియా వ్యాధికి సూచికగా, మోనోసైట్ల మీద హెచ్.ఎల్.ఎ-డి.ఆర్. తగ్గడాన్ని రోగనిరోధక శక్తి నీరసించిందనడానికి సూచికగా కొలుస్తున్నారు.

ప్రతిరక్షకాల నాణ్యత సమస్య

మార్కెట్లో లభించే ప్రతిరక్షకాలన్నీ చెప్పిన అణువునే గుర్తిస్తాయని అనుకోరాదు. కొన్ని వేరే ప్రోటీన్లకు కూడా అంటుకుంటాయి. పాలీక్లోనల్ ప్రతిరక్షకాలు ఒక విడతకు మరొక విడతకు మారిపోతాయి. ఇటువంటి ప్రతిరక్షకాల వలన డబ్బు, శ్రమ వృథా కావడమే కాక తప్పుడు ఫలితాలు పత్రికలలో ప్రచురితమై ఇతరులను కూడా దారి తప్పిస్తాయి. 2015లో ఆండ్రూ బ్రాడ్‌బరీ, ఆండ్రియాస్ ప్లుక్‌థున్ మరి అనేకమంది శాస్త్రవేత్తలతో కలిసి ప్రతిరక్షకాలను వాటి జన్యు క్రమం ఆధారంగా నిర్వచించి తయారు చేయాలని కోరారు. 2016లో ఒక అంతర్జాతీయ బృందం ప్రతిరక్షకాన్ని నిరూపించడానికి ఐదు మార్గాలు సూచించింది. అవి: జన్యువును తొలగించి చూడటం, ప్రతిరక్షకంతో సంబంధం లేని వేరే పద్ధతితో పోల్చడం, వేరే ఎపిటోప్‌ను గుర్తించే మరొక ప్రతిరక్షకంతో పోల్చడం, ప్రోటీనుకు వేరే గుర్తు తగిలించి చూడటం, ప్రతిరక్షకం పట్టుకున్న ప్రోటీనును ద్రవ్యరాశి వర్ణపటమాపనితో గుర్తించడం. వీటిలో కనీసం ఒకటైనా, ఏ ప్రయోగానికి వాడదలచారో ఆ ప్రయోగ పరిస్థితులలోనే చేయాలని ఆ బృందం చెప్పింది.

పరిమితులు, కొత్త పద్ధతులు

మామూలు కాంతి సూక్ష్మదర్శినిలో సుమారు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు బిందువులు ఒకటిగానే కనిపిస్తాయి. కనుక రెండు రంగులు ఒకే చోట కనిపించినంత మాత్రాన రెండు ప్రోటీన్లు ఒకదానినొకటి తాకుతున్నాయని చెప్పలేము. ఈ హద్దును దాటిన సూక్ష్మదర్శన పద్ధతులకు ఎరిక్ బెట్జిగ్, స్టెఫాన్ హెల్, విలియం మోర్నర్‌లకు 2014లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ప్రతిరక్షకానికి రెండు చేతులు ఉండటం వలన అది రెండు గ్రాహకాలను దగ్గరకు లాగి, తానే సంకేతం పుట్టించవచ్చు. దీనిని నివారించడానికి ఒకే చేయి గల ఫ్యాబ్ ముక్కలను వాడతారు.

రంగుల సంఖ్య కూడా పెరిగింది. ప్రతి రంగు పూర్తి వర్ణపటాన్ని నమోదు చేసే సైటోమీటర్లతో 2020లో ఒకే నమూనాలో 40 రంగులను కొలిచిన పద్ధతి ప్రచురితమైంది. రంగులకు బదులు లోహ పరమాణువులను గుర్తులుగా వాడే మాస్ సైటోమెట్రీ 2009లో వచ్చింది. రంగులు ఎంత పెరిగితే వాటిని వేరు చేసే లెక్క అంత జటిలమవుతుంది. నియంత్రణ నమూనాల అవసరం కూడా అంతే పెరుగుతుంది.

ఇవి కూడా చూడండి

• రోగనిరోధక వ్యవస్థ
• ప్రతిరక్షకం
• తెల్ల రక్తకణాలు
• ప్రతిదీప్తి
• సూక్ష్మదర్శిని
• సెప్సిస్

వర్గాలు: జీవశాస్త్రం, వైద్యశాస్త్రం, రోగనిరోధక శాస్త్రం, ప్రయోగశాల పద్ధతులు